సెకనులో దొరకని మేట్

మీ ఫోన్‌లోని చెస్ యాప్‌లో ఉన్న ఇంజన్ ప్రపంచ ఛాంపియన్‌ని ఓడించగలదు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ మనిషంత ఎత్తున్న బీరువాల్లో ఉండేది. ఇవాళ మన జేబులో తిరిగే స్టాక్‌ఫిష్ దానికంటే బాగా ఆడుతుంది. అందుకే గేమ్ అయిపోగానే మనం చేసే మొదటి పని ఎనాలిసిస్ బటన్ నొక్కడం. పక్కనున్న తెలుపు-నలుపు పట్టీ పైకీ కిందకీ కదులుతుంది. అది చెప్పిందే వేదం.

అదే ఇంజన్‌కి, ఎవరో నెలల తరబడి కూర్చుని అల్లిన మేట్ పజిల్ ఒకటి ఇచ్చి చూడండి. చాలావాటికి రెప్పపాటు కూడా పట్టదు. కానీ కొన్నింటి దగ్గర ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది, మేట్ మాత్రం రాదు. ఛాంపియన్‌ని ఓడించేది ఒక పజిల్ దగ్గర ఎందుకు బిక్కమొహం వేస్తుంది? అసలు ఏ ప్రోగ్రాం ఎంత వేగంగా మేట్ పట్టుకుంటుందో న్యాయంగా కొలవాలంటే ఎలా? ఆఫీసులో నా పని కూడా ఇంచుమించు ఇదే. ఒక ప్రోగ్రాం ఎంత వేగంగా నడుస్తుందో కొలవడం, ఆ అంకెని నమ్మొచ్చా లేదా అని గొడవపడటం. అందుకే ఈ విషయం నన్ను వదలదు.

ముందు ఒక తేడా. ఆటలో వచ్చే మేట్ వేరు, పజిల్‌లో ఉండే మేట్ వేరు. ఆటలో ఎదుటివాడి రాజు అప్పటికే ఇరుకున పడి ఉంటాడు. చెక్, చెక్, చెక్ అంటూ తరిమితే సరిపోతుంది. పజిల్ అల్లేవాళ్లకి అది నచ్చదు. ‘తెలుపు ఆడి నాలుగు ఎత్తుల్లో మేట్’ అంటే నలుపు ఏ జవాబిచ్చినా నాలుగో ఎత్తుకి మేట్ కావాలి. పైగా మొదటి ఎత్తు చెక్ అయితే పజిల్ అల్లేవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. మొదటి ఎత్తు నిశ్శబ్దంగా ఉండాలి. ఏ పావునీ చంపకూడదు, ఎవరినీ బెదిరించినట్టు కనిపించకూడదు. చూసినవాడు ‘ఇదెందుకు ఆడతారు?’ అనుకోవాలి.

దీనికి పాత ఉదాహరణ మన దేశం నుంచే వెళ్లింది. 1845లో ఇంగ్లండ్‌లోని ఒక చెస్ పత్రికలో ‘షాగిర్ద్’ అనే మారుపేరుతో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక పజిల్ అచ్చయింది. షాగిర్ద్ అంటే శిష్యుడు. అసలు మనిషి లవ్‌డే అనే ఇంగ్లిష్ మతగురువు. నాలుగు ఎత్తుల్లో మేట్. తెలుపు ఒంటెని బోర్డు చివరి వరసకి వెనక్కి లాగేస్తుంది. తర్వాత ఏనుగుని ఆ ఒంటెకే అడ్డంగా పెడుతుంది. తన దారి తానే మూసుకున్నట్టు కనిపిస్తుంది. అలా మూస్తేనే నల్లరాజుకి కదలడానికి ఒక గడి దొరుకుతుంది, స్టేల్‌మేట్ తప్పుతుంది. రాజు ఆ గడిలోకి అడుగు పెట్టగానే ఏనుగు పక్కకి జరిగి, ఒంటె దారి తెరిచి, రెండూ కలిసి మేట్ కొడతాయి. ఈ ఐడియాని చెస్ పుస్తకాల్లో ఇప్పటికీ ‘ఇండియన్ థీమ్’ అనే పిలుస్తారు.

ఇలాంటి పజిల్‌ని మెషిన్‌కి ఇవ్వాలనే ఆలోచన కంప్యూటర్ పుట్టిన కొత్తలోనే వచ్చింది. 1951 నవంబర్‌లో డీట్రిష్ ప్రింజ్ అనే ఆయన మాంచెస్టర్‌లోని ఫెరాంటి మార్క్-1 మీద ఒక ప్రోగ్రాం నడిపారు. దానికి ఆట మొత్తం ఆడటం రాదు. క్యాజ్లింగ్ లేదు, బంటు రాణిగా మారడం లేదు. రెండు ఎత్తుల్లో మేట్ ఉంటే కనిపెట్టడం, అంతే. అందుకు సుమారు 15 నిమిషాలు పట్టింది. అంటే కంప్యూటర్ చెస్ చరిత్రలో మెషిన్ చేసిన తొలి పనుల్లో ఒకటి మేట్ పజిల్ విప్పడం, దాని గురించి మనకి గుర్తుండిపోయిన వివరం పట్టిన టైం. మేట్ పజిల్‌నీ స్టాప్‌వాచ్‌నీ అప్పటి నుంచే ఎవరూ విడదీయలేదు.

ప్రింజ్ పద్ధతి సింపుల్: ఉన్న ఎత్తులన్నీ వరసగా ఆడి చూడు. దాంతో వచ్చే చిక్కేమిటో మీరే ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి చూసుకోవచ్చు. ఒక పొజిషన్‌లో సగటున 30 ఎత్తులు ఉంటాయనుకుందాం. మూడు ఎత్తుల మేట్ అంటే తెలుపు మూడు, నలుపు రెండు, మొత్తం ఐదు అడుగులు. 30ని ఐదుసార్లు గుణిస్తే 2 కోట్ల 43 లక్షలు. ఫర్వాలేదు, ఇవాళ్టి మెషిన్‌కి అది రెండు మూడు సెకన్ల పని. ఆరు ఎత్తుల మేట్ అయితే పదకొండు అడుగులు. సెకనుకి కోటి పొజిషన్లు చూసే మెషిన్‌కి కూడా అన్నీ చూడటానికి 56 ఏళ్లు పడుతుంది. మూడు నుంచి ఆరుకి వెళ్లినందుకు, సెకన్ల నుంచి రిటైర్‌మెంట్ వయసుకి.

కాబట్టి వేగం అంటే త్వరత్వరగా చూడటం కాదు, చూడకుండా వదిలేయడం. ఇంజన్లు రాసేవాళ్ల నేర్పంతా ఇక్కడే ఉంది.

కొన్ని వదిలింపులు పూర్తిగా న్యాయమైనవి. ఒక ఎత్తుకి అవతలివాడి దగ్గర గట్టి జవాబు ఒకటి దొరికిందంటే, మిగతా జవాబులు వెతకాల్సిన పని లేదు. ఆ ఎత్తు అక్కడితో కొట్టేయొచ్చు. దీన్ని ఆల్ఫా-బీటా అంటారు. ఇందులో సమాధానం మారదు, పని తగ్గుతుంది. బస్టాండులో జనగామ బోర్డున్న బస్సు దొరికాక మిగతా బస్సుల బోర్డులు చదవం కదా, అలాంటిది.

మిగతావి పందెం లాంటివి. ముఖ్యంగా రెండు.

మొదటిది, ‘నా వంతు వదిలేస్తే?’ అనే ట్రిక్. దీన్ని నల్ మూవ్ అంటారు. ఇంజన్ ఒక పొజిషన్‌లో తన ఎత్తు ఆడకుండా పాస్ చేసినట్టు ఊహిస్తుంది. ఎదుటివాడికి వరసగా రెండు ఎత్తులు ఇచ్చినా తనదే పైచేయి అయితే, ఈ పొజిషన్ ఎలాగూ మనదే, ఇక్కడ తవ్వక్కర్లేదు అని ముందుకు వెళ్లిపోతుంది. మామూలు ఆటలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఎందుకంటే చెస్‌లో ఎత్తు ఆడటం ఎప్పుడూ లాభమే... దాదాపు ఎప్పుడూ. ఆ ‘దాదాపు’ లోనే పజిల్ అల్లేవాళ్లు కాపురం పెట్టారు. జర్మన్‌లో ‘జుగ్‌జ్వాంగ్’ అనే స్థితి ఒకటుంది. నా వంతు రాకపోతే హాయిగా ఉంటాను, వచ్చింది కాబట్టే చస్తాను. ముందు నుయ్యి వెనుక గొయ్యి, నిలబడటానికి కూడా పర్మిషన్ లేదు. మేట్ పజిల్స్‌లో సగం అందం దీని మీదే నడుస్తుంది. తెలుపు ఒక వెయిటింగ్ ఎత్తు ఆడుతుంది, నలుపు ఏది కదిపినా గోడ కూలుతుంది. ‘పాస్ చేస్తే బాగానే ఉన్నాం కదా’ అని లెక్క వేసే ఇంజన్‌కి ఆ గోడ గట్టిగానే కనిపిస్తుంది. స్టాక్‌ఫిష్ లాంటివి బోర్డు మీద రాజు, బంట్లు మాత్రమే మిగిలినప్పుడు ఈ ట్రిక్ మానేస్తాయి. కానీ పావులు నిండుగా ఉన్నప్పుడు కూడా జుగ్‌జ్వాంగ్ తెప్పించడమే పజిలిస్టుల పని.

రెండోది ఇంకా పెద్ద పందెం. ఇంజన్ ముందుగా ఎత్తుల్ని ఒక వరసలో పెట్టుకుంటుంది. చంపేవి, చెక్‌లు, గతంలో పనికొచ్చినవి ముందు. మామూలు ఎత్తులు వెనక. వెనకున్నవాటిని తక్కువ లోతులో, పైపైన చూసి వదిలేస్తుంది. ఇంటర్వ్యూకి వెయ్యి రెజ్యూమెలు వస్తే చివరి ఎనిమిది వందలు హెచ్‌ఆర్ ఎలా చదువుతారో అలా. ఇప్పుడు పజిల్ మొదటి ఎత్తు గుర్తు తెచ్చుకోండి: చంపదు, చెక్ ఇవ్వదు, వెనక్కి జరుగుతుంది. సరిగ్గా వరసలో చిట్టచివర నిలబడే ఎత్తు. షాగిర్ద్ ఒంటెని చివరి వరసకి లాగినప్పుడు కంప్యూటరే లేదు. కానీ బుద్ధి ఉన్న ఆటగాడు ఎక్కడ వెతకడో అక్కడ దాచాలన్న సూత్రం అప్పటిదే. ఇంజన్ కూడా బుద్ధి ఉన్న ఆటగాడిలా వెతకడం నేర్చుకుంది. కాబట్టి అదే వలలో పడుతుంది.

నిజం చెప్పాలంటే నాలుగెత్తుల ఇండియన్ పజిల్ ఇవాళ్టి ఇంజన్‌కి లెక్కే కాదు. పైపైన చూసినా అంత లోతు అందుతుంది. ఎత్తుల సంఖ్య పెరిగేకొద్దీ, నిశ్శబ్దపు ఎత్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చేకొద్దీ కష్టం మొదలవుతుంది.

ఈ కథలో మనవాళ్ల ఊసు కూడా ఉంది. డీప్ బ్లూకి పూర్వీకులైన చిప్‌టెస్ట్, డీప్ థాట్ పుట్టింది అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, అదే మన రాజ్ రెడ్డి, ఆ యూనివర్సిటీలోనే 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్. 1988లో అమెరికా ఏఐ సంఘానికి అధ్యక్ష ప్రసంగం చేస్తూ, ఏఐ ముందున్న పెద్ద సవాళ్లలో ప్రపంచ ఛాంపియన్ స్థాయి చెస్ మెషిన్‌ని ఒకటిగా పెట్టారు. తొమ్మిదేళ్లలో ఆ సవాలు తీరిపోయింది. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చిన మనిషి అని మాత్రమే మనకి తెలుసు, ఈ సంగతి మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎవరూ చెప్పరు.

డీప్ థాట్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లలో ఒకరు బనారస్‌లో చదివి వెళ్లిన థామస్ అనంతరామన్. ఆయన, ముర్రే క్యాంప్‌బెల్, ఫెంగ్-షియుంగ్ షూ కలిసి తెచ్చిన ‘సింగులర్ ఎక్స్‌టెన్షన్’ మన టాపిక్‌కి నేరుగా సంబంధించింది. ఒక పొజిషన్‌లో ఒక్క ఎత్తు మాత్రమే నిలబడి, మిగతావన్నీ దానికంటే బాగా నాసిగా ఉంటే, ఆ దారిలో ఇంకో అడుగు లోతుకి వెళ్లి చూడాలి. తప్పించుకునే దారి ఒక్కటే ఉన్నచోట ప్రమాదం దగ్గర్లో ఉందన్నమాట. వదిలేయడం నేర్చుకున్న ఇంజన్లకి, ఎక్కడ వదలకూడదో నేర్పిన ఐడియా ఇది. స్టాక్‌ఫిష్‌లో దీని వారసత్వం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మా ఊరి సంగతి. తిరుమలగిరి అనగానే హైదరాబాద్ వాళ్లు కంటోన్మెంట్ సిటీ బస్సు ఎక్కేస్తారు. మాది అది కాదు. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే రోడ్డు మీదుంటుంది, పాత నల్లగొండ జిల్లా. మొన్న పండక్కి వెళ్తే మా అక్క కొడుకు ఫోన్ పట్టుకుని వచ్చాడు. వాడికి చెస్ పిచ్చి. మా వైపు పిల్లలకి చెస్ అంటే వరంగల్ అర్జున్ ఎరిగైసి. 2024 డిసెంబర్ లిస్టులో 2801 రేటింగ్, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో ఇండియన్. వాడి ఫోన్ వాల్‌పేపర్ కూడా అతనే.

“మామా, గీ పజిల్ తప్పున్నది” అన్నాడు.

“ఎట్ల చెప్తున్నవ్?”

“ఇంజన్ పెట్టి చూసిన. మేట్ అంటలేదు.”

“ఎంతసేపు పెట్టినవ్?”

“రెండు నిమిషాలు. సాలదా? అది ఇంజన్ మామా!”

వాడు పెట్టిన పజిల్‌ని ప్లాస్కెట్ పజిల్ అంటారు. డచ్ వ్యక్తి ఖైస్ వాన్ బ్రూకెలెన్ అల్లినది. 1987లో బ్రస్సెల్స్ టోర్నమెంట్‌లో ఇంగ్లిష్ ఆటగాడు జిమ్ ప్లాస్కెట్ అక్కడున్న గ్రాండ్‌మాస్టర్లకి దీన్ని చూపించాడు. అందరూ తలలు పట్టుకున్నారు, మిఖాయిల్ తాల్ పార్కులో కాసేపు తిరిగొచ్చి జవాబు చెప్పాడు అని చెస్ లోకంలో చెప్పుకుంటారు. నిజానికి ఇది ‘తెలుపు గెలవాలి’ కోవలోది, ఇన్ని ఎత్తుల్లో అని షరతు లేదు. గెలుపు మాత్రం మేట్‌తోనే.

జవాబు వింటే ఎవరికైనా మతిపోతుంది. తెలుపు బంటు చివరి గడికి చేరి రాణి అవుతుంది. వెంటనే గుర్రం చెక్ ఇచ్చి ఆ రాణిని చంపేస్తుంది. అది తెలిసే ఆడతాడు. అప్పటికి తెలుపుకి మిగిలేది రాజు, ఒక ఒంటె, ఒక బంటు. ఎదురుగా రెండు గుర్రాలు, ఒంటె, రాణి కావడానికి పరుగెత్తే బంట్లు. ఇక్కడి నుంచి ఒంటె ఒక్కో గడి జరుగుతూ, ప్రతిసారీ ఒక మేట్ బెదిరింపు పెడుతుంది. నలుపు తన బంటుని రాణి చేస్తే చస్తాడు, అందుకని గుర్రం చేసుకోవాల్సి వస్తుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. అయినా ఒంటె ఆగదు. చివరికి ఆపడానికి పావు మిగలదు.

2022లో ఒక పరిశోధన పత్రం ఈ పజిల్‌నే ఇంజన్లకి పరీక్షగా పెట్టింది. స్టాక్‌ఫిష్ 14కి జవాబు దొరికింది, కానీ దాదాపు 190 కోట్ల పొజిషన్లు చూశాక. న్యూరల్ నెట్‌తో నడిచే లీలా చెస్ జీరోకి 6 కోట్ల పొజిషన్లు చూసినా దొరకలేదు. సెకనుకి పది లక్షలు చూసే ఫోన్ అనుకుంటే 190 కోట్లకి అరగంట పైనే. మావాడు పెట్టింది రెండు నిమిషాలు.

ఇక్కడ నాకు నచ్చనిది వాడి తొందర కాదు. ఎప్పుడో ఎక్కడో ఒక మనిషి బుర్ర బద్దలుకొట్టుకుని అల్లినదాన్ని ‘తప్పు’ అని కొట్టేయడానికి ఒక పట్టీ కదలకపోవడం చాలు అనుకున్నాడు. ఇంజన్ ‘మేట్ ఉంది’ అని దారి చూపిస్తే అది సాక్ష్యం, కూర్చుని చెక్ చేసుకోవచ్చు. ఇంజన్ ఏమీ అనకపోవడం సాక్ష్యం కాదు. అది వెతికినచోట లేదు, అంతే. ఈ ముక్క చెప్తే వాడికి ఎక్కలేదు. పక్కింట్లో వెతకకుండా ‘గొడ్డలి ఊళ్లోనే లేదు’ అంటే ఊరుకుంటావా అన్నాను. అప్పుడు నవ్వాడు.

ఇంకో సంగతి. తాల్ 190 కోట్ల పొజిషన్లు చూడలేదు కదా, ఎలా కనిపెట్టాడు? తనముందున్నది పజిల్ అని ఆయనకి తెలుసు. ‘ఈ బంటుని ఇక్కడెందుకు పెట్టారు? ఈ ఒంటె అంత మూలన ఎందుకుంది?’ అని పజిలిస్టు మనసు చదవొచ్చు. ఇంజన్‌కి ఆ సౌకర్యం లేదు. దానికి అన్నీ పొజిషన్లే.

సరే, కొలవడం ఎలా? చెస్ ఇంజన్లని పజిల్స్‌తో కొలిచే అలవాటు పాతదే. ఫ్రెడ్ రైన్‌ఫెల్డ్ పుస్తకంలోని 300 పొజిషన్లని దశాబ్దాలుగా టెస్ట్ సెట్‌గా వాడారు. కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేసే పని ఒకటే: పజిల్ పెట్టడం, టైం చూడటం, ‘నా ఫోన్‌లో 40 సెకన్లు, నీ ల్యాప్‌టాప్‌లో 3’ అని పోటీ పడటం. అది కొలిచేది ఇంజన్‌ని కాదు, మీరు ఫోన్‌కి పెట్టిన డబ్బుని.

అందుకే టైం బదులు నోడ్లు లెక్కపెట్టాలి. నోడ్ అంటే ఇంజన్ చూసిన ఒక పొజిషన్. మెషిన్ పాతదైనా కొత్తదైనా, ఒకే థ్రెడ్ మీద, ఒకే సెట్టింగ్స్‌తో నడిపితే అదే వెర్షన్ అదే పజిల్‌కి అన్నే నోడ్లు చూస్తుంది. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, టైం మారిపోతుంది, నోడ్లు మారవు. ‘ఒకే థ్రెడ్’ అన్నది మర్చిపోకండి. నాలుగు థ్రెడ్లు పెడితే అవి ఒకదానికొకటి దొరికింది పంచుకుంటూ నడుస్తాయి. ఎవరు ముందు ఏం రాశారన్నది ప్రతిసారీ మారుతుంది. అదే పజిల్ ఒకసారి ఠక్కున, ఇంకోసారి ఎంతకీ రాకుండా. థ్రెడ్లు ఎక్కువ పెట్టే తీరాలంటే కనీసం పదిసార్లు నడిపి అన్ని అంకెలూ రాసుకోవాలి, బాగున్నది ఒక్కటి ఏరుకోవడం కాదు.

ఇంకో మోసం హ్యాష్ మెమరీ. ఇంజన్ చూసిన పొజిషన్లని ఒక టేబుల్లో దాచుకుంటుంది. రెండోసారి అదే పజిల్ పెడితే పాత జ్ఞాపకంతో వెంటనే చెప్పేస్తుంది. మావాడు జవాబు తెలిశాక ఒంటె ఎత్తులన్నీ ఆడించి, వెనక్కి వచ్చి మళ్లీ ఇంజన్ పెట్టి, “ఇప్పుడు చెప్తుంది చూడు మామా, నేర్చుకున్నది” అన్నాడు. నేర్చుకోలేదురా, కాపీ కొట్టింది. ప్రతి పజిల్‌కి ముందు హ్యాష్ తుడవాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఏది దొరికితే ‘దొరికింది’ అంటారో ముందే తేల్చుకోవాలి. ఏడు ఎత్తుల మేట్ ఉన్నచోట ఇంజన్ ‘11లో మేట్’ అంటుంది. ఆటలో ఇది చాలు, గెలుపు గెలుపే. పజిల్‌లో ఇది తప్పు జవాబు. ‘మేట్‌ట్రాక్’ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఈ రెండింటినీ వేరువేరుగానే లెక్కపెడుతుంది. దాని సెట్‌లో 6,500కు పైగా మేట్ పజిల్స్ ఉన్నాయి. ఒక్కో పజిల్‌కి ఇన్ని నోడ్లు అని పరిమితి పెట్టి, స్టాక్‌ఫిష్ పాత వెర్షన్ల నుంచి కొత్తవాటి దాకా నడిపి, ఎన్నింటికి మేట్ దొరికింది, ఎన్నింటికి అతి తక్కువ ఎత్తుల మేట్ దొరికింది అని రెండు గీతలు గీస్తుంది. ఆఫీసులో నేను చూసిన చాలా బెంచ్‌మార్క్‌ల కంటే ఇది నిజాయితీగా ఉంది. మా రివ్యూ మీటింగుల్లో ఎవరైనా ఒక్క అంకె, ఒక్క గ్రాఫ్, ఆకుపచ్చ రంగు పెట్టుకుని వస్తే నేను ముందు అడిగేది ఇదే: ఎన్నిసార్లు నడిపారు, క్యాష్ తుడిచారా, ‘పాస్’ అంటే ఏమిటని రాసుకున్నారు? అందుకే నన్ను మీటింగులకి తక్కువ పిలుస్తారు.

‘ఇంతలో మేట్ లేదు’ అని ఖాయంగా కావాలనుకుంటే వేరే రకం ప్రోగ్రాములున్నాయి. హైనర్ మార్క్సెన్ రాసిన ‘చెస్ట్’ పందేలు కాయదు. ఐదు ఎత్తుల్లో మేట్ లేదని అది అంటే లేదు, అంతే. పజిల్ అల్లేవాళ్లు వాడే ‘పొపాయ్’ కూడా ఇలాంటిదే. ఎవరైనా కొత్త పజిల్ అల్లితే, రెండో జవాబు ఎక్కడైనా దాగి ఉందా అని చూడటానికి ఇవే దిక్కు. ధర కూడా తెలిసిందే: ఎత్తు పెరిగినకొద్దీ టైం గుణకారంలో పెరుగుతుంది.

మధ్యేమార్గంగా 1994లో విక్టర్ అలిస్, ఆయన సహచరులు ‘ప్రూఫ్ నంబర్ సెర్చ్’ తెచ్చారు. అవతలివాడికి తప్పించుకునే దారులు ఎక్కడ అతి తక్కువో అక్కడ ముందు తవ్వు అన్నదే దాని సూత్రం. వరస చెక్‌లతో సాగే పొడుగాటి మేట్‌లని ఇది కుందేలుని కుక్క పట్టినట్టు పట్టేస్తుంది. నిశ్శబ్దపు ఎత్తు వచ్చిందంటే అవతలివాడికి ఒక్కసారిగా ముప్పై దారులు తెరుచుకుంటాయి, అక్కడ తడబడుతుంది. ఏ పద్ధతి తీసుకున్నా దానికి నొప్పెట్టే చోటు ఒకటి ఉంటుంది, పజిలిస్టు వేలు అక్కడే పెడతాడు.

ఇందులో అందరికంటే కొంటెవాడు నా లెక్కలో ఓట్టో బ్లాతీ. హంగేరీ ఎలక్ట్రికల్ ఇంజనీరు. మన వీధి చివర గుయ్యిమనే ట్రాన్స్‌ఫార్మర్ ఉందే, దాన్ని 1885లో గాంజ్ కంపెనీలో పనికొచ్చే రూపానికి తెచ్చిన ముగ్గురిలో ఈయనొకడు. తీరిక దొరికితే పజిల్స్ అల్లేవాడు. వాటిలో ఒకటి 290 ఎత్తుల్లో మేట్. నలుపు పావులన్నీ ఇరుక్కుపోయి ఉంటాయి. తెలుపు ఒకే ప్రదక్షిణ మళ్లీ మళ్లీ చేస్తూ, ప్రతి చుట్టులో ఒక వంతు మిగుల్చుకుని, నలుపు చేత ఒక్కో బంటు ఎత్తు ఖర్చు పెట్టిస్తుంది. ఆ చుట్టు తర్కం అర్థమైన మనిషికి 290 అనేది పెద్ద సంఖ్య కాదు, ఒకే పని ఇన్నిసార్లు అని లెక్క. మన భాషలో చెప్పాలంటే ఒక ఫర్ లూప్. ఎత్తు తర్వాత ఎత్తు లెక్కించే ఇంజన్‌కి లూప్ కనపడదు, 290 మెట్ల చీకటి బావి కనపడుతుంది.

పావులు తక్కువుంటే మాత్రం చీకటి లేదు. మేట్ అయిన పొజిషన్ల నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి అన్నీ రాసిపెట్టుకునే టేబుల్‌బేస్‌లున్నాయి. 2012లో మాస్కోలో లొమొనొసోవ్ సూపర్ కంప్యూటర్ మీద ఏడు పావుల దాకా పూర్తిచేశారు. అందులో దొరికిన అతి పొడవైన మేట్ 549 ఎత్తులు. అక్కడ వెతకడం లేదు, డిక్షనరీ తెరిచి చదవడమే.

మరి స్టాక్‌ఫిష్‌ని మేట్‌లలో కూడా తిరుగులేనిదిగా ఎందుకు చేయరు? చేయగలరు. కానీ దాని కోడ్‌లో ఏ మార్పు రావాలన్నా ముందు తన పాత వెర్షన్‌తో వేల గేములు ఆడి, బలం తగ్గలేదని నిరూపించుకోవాలి. నల్ మూవ్ తగ్గించి, వెనక వరస ఎత్తుల్ని లోతుగా చూడమంటే జుగ్‌జ్వాంగ్ పజిల్స్ బాగా వస్తాయి, గేములు ఓడిపోతుంది. వెయ్యి గేముల్లో ఒకసారి వచ్చే పొజిషన్ కోసం మిగతా వాటిలో నెమ్మదించలేదు కదా. కోడ్ అందరికీ తెరిచే ఉంది కాబట్టి కష్టమైన పొజిషన్లంటే ఇష్టమున్నవాళ్లు దాన్ని తీసుకుని వేరే రూపాలు చేసుకున్నారు. అవి పజిల్స్‌లో ముందు, టోర్నమెంట్లలో వెనక. ఆ బేరం ఎవరికీ తప్పలేదు.

మావాడు ఆ రాత్రి ఫోన్‌ని చార్జింగ్ పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, పైన ఫ్యాన్ వేసి పడుకున్నాడు. మా అక్క పొద్దున్నే కరెంటు బిల్లు గురించి నాకే క్లాస్ పీకింది.

మీకూ సరదా ఉంటే ప్లాస్కెట్ పజిల్ పేరుతో వెతికి పొజిషన్ పెట్టి చూడండి. ముందు ఒక పావుగంట ఇంజన్ ఆపేసి, మీరు చూడండి. తర్వాత దానికి ఇవ్వండి. ఎంత పట్టిందో రాసి పంపండి. ఏ వెర్షన్, ఎన్ని థ్రెడ్లు, ఎన్ని నోడ్లు అన్నది లేకుండా సెకన్లు మాత్రమే పంపితే నేను లెక్కలోకి తీసుకోను.